అక్క చదివిన పేజీలు

మార్చి 11, బుధవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వూ మరదలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. దీవెన ముందే ఇచ్చేస్తున్నాను, కింద రాయబోయేదాంట్లో దానికి చోటు దొరక్కపోవచ్చు. ఇక్కడ మీ బావకు మోకాలి నొప్పి తగ్గింది. ప్రెస్‌లో బడి పుస్తకాల పని మొదలైంది. ఆ ప్రూఫులు ఈసారి నా బల్ల మీదికి రావడం లేదు. ఎందుకు రావడం లేదో నీకు తెలుసు కాబట్టే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట నా కంప్యూటర్ తెర నిండా ‘వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని పడితే, నేను నమ్మి చేశాను. నువ్వు పరుగున వచ్చి వాళ్లను వదిలించావు. ఆ మేలు మరవలేదు. వెళ్లేముందు బ్రౌజర్ మార్చి, “అక్కా, ఇది గట్టిది. దొంగ సైటైతే ఎర్ర పేజీ వేసి అక్కడే ఆపేస్తుంది. నువ్వింకేం పట్టించుకోనక్కర్లేదు” అన్నావు. నేను పట్టించుకోలేదు. అయితే దాన్ని నీ ఖాతాతో తెరిచి పెట్టావనీ, నేనిక్కడ చూసే ప్రతి పేజీ అక్కడ నీ కంప్యూటర్‌లో జాబితాగా చేరుతుందనీ నువ్వు చెప్పలేదు. కాపలా ఉంటానంటే సరేనన్నాను. నా ఉత్తరాలు విప్పి చదవమనలేదు.

చలికాలం నుంచి నా కుడికంటికి తేడా చేసింది. నిట్టనిలువు గీత మధ్యలో వంగినట్టు, పంక్తి నడుమ ఒక్క అక్షరం ఎవరో తుడిచేసినట్టు. ఇరవై ఆరేళ్లుగా ఒత్తు జారినా, సున్నా ఎగిరినా పట్టుకున్న కన్ను అది. భయమేసింది. ఎవరితోనూ అనలేదు. అనే ముందు నేను తెలుసుకోవాలనుకున్నాను. మధ్యాహ్నాలు గది తలుపు దగ్గరగా వేసుకుని, చూపు మధ్యలో మచ్చ ఎందుకు వస్తుందని వెతికాను. చూపు తగ్గిన ప్రూఫ్‌రీడర్లు ఆ తరువాత ఏ పని చేసుకుంటారని కూడా వెతికాను. అది చదివినప్పుడు నీకు సిగ్గనిపించలేదా?

ఫిబ్రవరిలో మీ బావ ఉన్నట్టుండి పేపరు పైకి చదివి వినిపించడం మొదలుపెట్టారు. నా బల్ల మీదికి కొత్త దీపం వచ్చింది. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకున్నారు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో లేని ముచ్చట ఇప్పుడెందుకా అని మురిసిపోయాను కూడా. నా తెలివి అంత. పోయిన వారం సోమవారం నాడు ప్రెస్ ఓనరుగారు పిలిచి, “అమ్మా, కొన్నాళ్లు కౌంటర్లో కూర్చోండి, కళ్లకు విశ్రాంతిగా ఉంటుంది” అన్నారు. ఎవరు చెప్పారని అడిగాను. మీవారే వచ్చి బతిమాలారండీ అన్నారు.

ఇంటికొచ్చి నిలదీస్తే మీ బావ తల దించుకున్నారు. “బావమరిది చెప్పాడు. నీకు తెలియనివ్వొద్దన్నాడు” అన్నారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ ఆయనకే చెప్పావు. నాతో తప్ప అందరితోనూ నా కన్ను గురించి మాట్లాడారు.

మర్నాడు ప్రెస్‌లో కంప్యూటర్ మీద పేజీలు కట్టే అమ్మాయి ఇంటికొస్తే, మా తమ్ముడికి ఇదంతా ఎలా తెలిసిందో చూడమన్నాను. ఆ పిల్ల తెర మూలన గుండ్రటి చిన్న బొమ్మ చూపించింది. అది నీ ఫొటో. రెండేళ్లుగా నేను దాన్ని ఏదో గుర్తు అనుకున్నాను. దాన్ని నొక్కితే నా మధ్యాహ్నాలన్నీ తేదీలతో, గంటలతో బారుగా దిగాయి. పరాయి పిల్ల ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

నీకు ఫోన్ చేస్తే క్షమించమనలేదు. “గోప్యత గోప్యత అంటావు, రేపు మళ్లీ ఎవడైనా మోసం చేస్తే ఏడ్చేది నువ్వేగా అక్కా” అన్నావు. ఏడిస్తే నేనే ఏడుస్తాను, నా కళ్లతో. మోసగాడు ఎవడో ఊరూపేరూ లేనివాడు. నువ్వు నా తమ్ముడివి. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఎర్ర పేజీ వేయడానికి ఆ బ్రౌజర్‌కు నా జాబితా నీ దగ్గరికి పంపే పనేముంది? అది వేరు, ఇది వేరు అని ఆ పిల్లే చెప్పింది. నువ్వు రెండూ కలిపి ఒకే మూటగా కట్టి, కావాలంటే మొత్తం ఎత్తుకో, లేదంటే మొత్తం దింపుకో అన్నావు.

నేను మొత్తం దింపేశాను. ఏదీ గుర్తుపెట్టుకోని బ్రౌజర్ వేరే ఉందంటే అది పెట్టించుకున్నాను. ఆ పిల్ల మాత్రం మొహమాటపడుతూ, “ఇందులో ఆ ఎర్ర పేజీ హెచ్చరికలు ఆపేసి ఉంటాయి మేడమ్, అవి మళ్లీ పెట్టుకుందాం” అంది. ఎవరి హెచ్చరికలూ నాకక్కర్లేదన్నాను. నీ మీది కోపం ఆ పిల్ల మీద చూపించాను.

ఇకమీద నా గురించి ఏదైనా తెలుసుకోవాలంటే నన్నడుగు. చెప్పాలనిపిస్తే చెబుతాను. మరదలికి నా మాట చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇంకా కోపంగానే ఉన్న
అక్క

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన రాసినదాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. కానీ ఒకటి దాచాను.

కంటి ఆసుపత్రిలో చూపించుకుందామని మొన్న శుక్రవారం కొత్త బ్రౌజర్‌లో వాళ్ల పేజీ తెరిచాను. పేరు, ఫోన్ నంబరు, నా ఈమెయిల్, దాని పాస్‌వర్డ్, అడిగినవన్నీ ఇచ్చాను. అది దొంగ పేజీ. చిరునామాలో ఇంగ్లీషు చిన్న ‘ఎం’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉన్నాయి. నా కంటికి అవి కలిసిపోయాయి. మీ బావ చూసి చెప్పేదాకా తెలియలేదు. శనివారం నుంచి నా పేరుతో ప్రెస్ వాళ్లందరికీ పిచ్చి మెయిళ్లు వెళుతున్నాయి. నీకు కాగితం మీద రాస్తున్నది అందుకే.

ఆదివారం రా. నా కంప్యూటర్‌కు కాపలా ఎలా పెట్టాలో నా పక్కన కూర్చుని చెప్పు, ప్రతి మీటా నేనే నొక్కుతాను. సోమవారం కంటి డాక్టరు దగ్గరికి కూడా నువ్వే తీసుకెళ్లు. బయట బెంచీ మీద కూర్చో. లోపలికి నేనొక్కదాన్నే వెళతాను.