మీరు పంచిన శుభవార్త

వదినగారికి,

నా జాకెట్టు మీద పాల మరక చూసి, నన్నొక్క మాట అడగకుండానే నేను కడుపుతో ఉన్నానని ఊరంతా టముకు వేసినందుకు ధన్యవాదాలు. మీ తమ్ముడు ఆఫీసులో అభినందనలు అందుకుని బిత్తరపోయారు. మీరు పంపిన ఊయల కూడా చేరింది.

డాక్టరమ్మ మాత్రం వేరే చెప్పింది. దిగులుకని నేను వేసుకునే మాత్ర మెదడులో సెరొటోనిన్‌ను పెంచుతుందట. అది పెరిగితే, మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుందట. పాలు తెప్పించేది అదే. బిడ్డ ఉందా లేదా అని అది వాకబు చెయ్యదట. అచ్చం మీలాగే.

"మాత్ర మారిస్తే తగ్గిపోతాయిలేమ్మా" అని మార్చి ఇచ్చింది.

దిగులెందుకో మీకు తెలియనిది కాదు. పోయినేడాది నాకు కడుపు పోయినప్పుడు, "నలుగురికీ తెలిస్తే బాగుండదు, నోరు మెదపకు" అన్నది మీరే. మెదపలేదు. అందుకే అందరూ ఇప్పుడు నన్ను తొలి కాన్పుకు దీవిస్తున్నారు. వాళ్లందరికీ సంగతి మీరే చెప్పుకోండి. మీకు అలవాటైన పనే కదా.

ఊయల మాత్రం తిరిగి పంపను. ఆ పోయిన బిడ్డకు మీరింతవరకూ ఏమీ ఇవ్వలేదు.

మీ మరదలు