పాప తొక్కిన ద్రాక్ష

ప్రియమైన వంటాయనకి,

పాప తొక్కిన ద్రాక్షతో చేసిన వైను నిన్న పీపాలోంచి తీశాను. పాప పోయాక నువ్వు పట్నం హోటల్లో వంటకి వెళ్ళిపోయావు, నేనీ తోట పట్టుకుని ఉండిపోయాను. పీపా మాత్రం తన పని తాను చేసుకుపోయింది. గ్రెనాష్ ద్రాక్ష సంగతి నీకు తెలుసుగా, మెత్తనిది. పీపా ఓక్ చెక్క దానికి కాస్త పొగవాసన, కాస్త లవంగం ఘాటు అంటించింది. పండిన స్ట్రాబెర్రీలా మొదలై మిరియంలా దిగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం తోట పనివాళ్ళనీ, పక్కతోట పెద్దాయన్నీ భోజనానికి పిలిచాను. దీనితో ఏం పెట్టను? నాకు మాడ్చడం తప్ప వండటం రాదు. వచ్చి నువ్వే వండకూడదూ?

నీ ఇంటిది

ప్రియమైన తోట యజమానురాలికి,

చేపల జోలికి పోకు, ఓక్‌లో ఊరిన వైనుతో తింటే నోట్లో ఇనుములా తగులుతాయి. మిరపకారం అసలే వద్దు. గ్రెనాష్‌కి మత్తెక్కువ, కారం తోడైతే మంట తప్ప రుచి మిగలదు. గొర్రె భుజం మాంసం వెల్లుల్లి, రోజ్‌మేరీ ఆకు వేసి, ఎముక ఊడొచ్చేదాకా సన్నసెగ మీద ఉడకాలి. మాంసం తిననివాళ్ళకి వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. చివర్లో బాగా ముదిరిన చీజ్. సీసాలు కాసేపు చన్నీళ్ళలో ఉంచు, వెచ్చగా పోస్తే ఒట్టి సారాయిలా ఉంటుంది.

రావడమంటావా... ఆ వంటగట్టు మీద కూచునే కదా పాప పచ్చి క్యారెట్లు కొరికేది. అక్కడ కత్తెలా పట్టుకోను? అయినా చూస్తాను.

నీవాడు

ప్రియమైన నీకు,

ఆదివారం వచ్చాను. మాంసం ఇక్కడ హోటల్లోనే వండి, గిన్నెకి దుప్పటి చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. "పసిబిడ్డా అండీ?" అని అడిగాడు పక్క సీటాయన. "కాదండీ, కూర" అన్నాను.

గేటు దగ్గరికొచ్చేసరికి మీరంతా బల్ల చుట్టూ ఉన్నారు. పెద్దాయన ఏదో అన్నాడు, నువ్వు తల వెనక్కి వాల్చి నవ్వావు. పాప పోయాక ఆ నవ్వు మళ్ళీ వినలేదు నేను. లోపలికి అడుగు పెడితే అది ఆగిపోతుందనిపించింది. గిన్నె గేటు పక్క గోడ మీద పెట్టి వెనక్కి తిరిగాను. పిరికివాడనుకో, పర్వాలేదు. నవ్వావు, నాకది చాలు.

నీవాడు

ప్రియమైన నీకు,

అందరూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. ఈ వైనుకి ఇంతకు మించిన జోడు లేదన్నాడు పెద్దాయన.

"ఎవరు వండారమ్మా?"

"మా ఆయన."

"మరి ఆయనేడీ?"

"పనుందటండీ."

నువ్వు గిన్నె దించుతుంటే నేను చూశాను. పిలిస్తే వినపడేంత దూరమే. పాప కళ్ళు నీవి, దాని గడ్డం నీది. నోరు పెగల్లేదని అబద్ధం చెప్పను, పెగిలేదే. కానీ నువ్వు అటునుంచటే వెళ్ళిపోతే బాగుండుననుకున్నాను. మలుపు తిరిగి కనబడకుండా పోయాక గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణం అందరి ముందూ బావురుమన్నాను.

నీమీద ప్రేమ లేక కాదు. ఒకరి ముఖం ఒకరం చూసుకుంటే మనకి కనబడేది పాపే, ఏం చేస్తాం. ఇంక రమ్మని రాయను. వస్తానని నువ్వూ రాయకు. ఊరంతటికీ వండిపెట్టి నువ్వు పస్తుండే రకానివి, వేళకింత తిను.

ఎక్కడున్నా నీదే అయిన
నేను