చెరకు తోటలో బూట్లు

ఆదివారం రాత్రి, లబాసా

చుట్టుపక్కల తోటల జట్లన్నిటినీ ఉత్త కాళ్లతో ఓడించి, మా కూలీ లైను ఇళ్ల ఫుట్‌బాల్ జట్టు పై తరగతికి చేరింది. అక్కడ బూట్లు లేనిదే ఆడనివ్వరు. కొత్త బూట్లు అరిగిపోతాయని వారమంతా పెట్టెల్లో దాచుకున్నాం. ఈరోజు మైదానంలోనే మొదటిసారి తొడిగాం. చక్కెర మిల్లు జట్టు ముందు అప్పుడే పుట్టిన దూడల్లా తడబడి, చిత్తుగా ఓడిపోయాం.

"ఈటితో మన వల్ల కాదన్నా. మళ్లీ కింద తరగతిలోనే ఆడుకుందాం," అన్నాడు గోల్‌కీపర్ అప్పన్న.

"దిగేది లేదు," అన్నాను.

అనడమైతే అన్నాను. ఆదివారం తప్ప సాధనకు తీరికేదీ? పనిలో మా సర్దారు ఊపిరి తీసుకోనివ్వడు...

అయితే పనిలోనే నేర్చుకుంటాం. రేపు బూట్లు తొడుక్కునే చెరకు నరుకుతాం. సర్దారు నవ్వితే నవ్వనీ. నా జత పెట్టెలోంచి తీసి, చెరకు కత్తి పక్కన పెట్టాను.