గోడ మోసే దూలాలు

ఏమండీ,

అమ్మాయి ఇక్కడే కమ్మింగ్ ఊళ్లో ఇల్లు కొంది. తెల్లగోడల మీద నల్లచెక్కలు బిగించిన ఇంగ్లీషు తరహా ఇల్లు. అలాంటివి కనబడితే చాలు, "అసలైన ఇళ్లలో దూలాలు ఇంటిని మోస్తాయి, ఇక్కడ గోడలే దూలాల్ని మోస్తున్నాయి" అని కారాపి మరీ వెక్కిరించేవారు కదా మీరు!

నిన్న గృహప్రతిష్ఠ ప్రార్థన. పాస్టర్‌గారు గుమ్మం పక్కన నిలబడి, "ప్రభువా, ఈ దూలంలా ఈ కుటుంబాన్ని స్థిరపరచుము" అంటూ ఒక చెక్క మీద చెయ్యి ఆనించారు. అది మేకులతో సహా ఊడి ఆయన చేతిలోకి వచ్చేసింది. దాన్ని అలాగే పట్టుకుని ఆయన "ఆమేన్" అన్నారు.

మీరు పోయాక మొదటిసారి పకపకా నవ్వాను.

అల్లుడు బెదిరిపోయి, "అత్తయ్యా, ఇల్లు సేఫేనా?" అన్నాడు.

"ఏం కాదు బాబూ, అది ఉత్త డెకరేషన్" అన్నాను.

"మమ్మీ, అచ్చం డాడీలా చెప్పావ్" అంటూ అమ్మాయి నవ్వబోయి, గబగబా వంటగదిలోకి వెళ్లిపోయింది.