పదో తారీఖు దాటని పెయ్యదూడ

కరీంనగర్,
ఆగస్టు 4, ఆదివారం

గౌరవనీయురాలైన అమ్మమ్మకు,

నీ మనుమరాలు స్నిగ్ధ నమస్కరించి రాయునది ఏమనగా, నేను ఇక్కడ క్షేమంగా లేను. ఈ హాస్టల్ పప్పు తిని క్షేమంగా ఉన్నవాళ్ళు ఇంకా పుట్టలేదు. లక్సెట్టిపేటలో నువ్వు క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని అనుకోకు. ఈ కాలేజీలో ఫోన్లు ఉండవు. ఆదివారం ఐదు నిమిషాలు వార్డెన్ మంజుల మేడం తన ఫోన్ ఇస్తుంది, అదీ పక్కనే నిలబడి, అమ్మకు మాత్రమే. అమ్మ దగ్గర గేమ్ మాట ఎత్తితే ఐదు నిమిషాలూ తిట్లకే సరిపోతాయి.

అసలు సంగతికొస్తాను. నా గేమ్ మిషను నీ దగ్గర దాచి వచ్చాను కదా. అందులో నాకో పొలం ఉంది. మూడు ఎండాకాలాలు కరిగించి పెంచిన పొలం. కొట్టంలో చంద్రి అనే పెయ్యదూడ ఉంది. గేమ్‌లో ఇప్పుడు పదో తారీఖు. ముప్పయ్యో తారీఖున పశువుల పోటీ. అందులో చంద్రి గెలవాలి. మూడేళ్ళుగా నాకు ఇంకో కోరిక లేదు. అమ్మతో ర్యాంకు అని చెబుతుంటాను, అది వేరే విషయం.

పోటీ అయిన మర్నాడే మిషను జమ్మికుంట కరుణాకర్ మామయ్యకు ఇచ్చేయాలని అమ్మ తీర్పు చెప్పింది. పత్తి సీజన్ మొదలయ్యేదాకా మార్కెట్ యార్డులో ఆయనకు పొద్దు పోవడం లేదట. మామయ్య చేతికి వెళ్ళిందంటే తెలియక నా పొలం మొత్తం తుడిచేస్తాడు. పోయినేడు అత్తమ్మ ఫోన్‌లో పెళ్ళి ఫొటోలన్నీ తుడిచింది ఆయనే. అందుకే ఆయన వచ్చేలోపు చంద్రి గెలిచి తీరాలి.

నువ్వు చేయాల్సింది ఇంతే. రోజుకోసారి మిషను తెరిచి చంద్రికి మేత వేయి, ఒళ్ళు తోము, పడుకోబెట్టు. చివర్లో తప్పకుండా సేవ్ చెయ్యి. సేవ్ చేయకుండా ఆపితే ఆ రోజు పడిన కష్టమంతా గోదాట్లో కలిసినట్టే. మర్నాడు మళ్ళీ అదే తారీఖు వస్తుంది.

నీ కాళ్ళు మొక్కుతూ,
స్నిగ్ధ

తా.క.: ఫిజిక్స్ క్లాసులో నా బొటనవేళ్ళు వాటంతటవే బటన్లు నొక్కుతున్నాయి. సార్ చూసి, "జపం చేస్కుంటున్నవా అమ్మా? చేస్కో చేస్కో. నీ మార్కులకు గదొక్కటే దారి" అన్నాడు.

---

లక్సెట్టిపేట,
ఆగస్టు 11

చిరంజీవి స్నిగ్ధకు,

అమ్మమ్మ దేవకి దీవించి రాసేది. ఉత్తరం అందింది. పుస్తకం చదివినట్టే ఉన్నది బిడ్డా. నాకు గట్ల రాయరాదు, నోటికొచ్చింది రాస్త.

నీ పెయ్యకు రోజూ మేత ఏస్తున్న. ఒళ్ళు తోమితే తోకాడిస్తది. నాకు మస్తు నవ్వొచ్చింది. నువ్వు చెప్పినట్టే తప్పకుంట సేవ్ చేస్తున్న. మొదటిరోజు జర మాడింది. రెండోరోజు నుంచి మంచిగనే వస్తున్నది. నా చేతులు గుంజుతున్నయని పక్కింటి బాలలక్ష్మి వచ్చి ఒత్తుతున్నది. దానికి బలమెక్కువ, ఒక్క ఒత్తుకే అయిపోతది.

గని ఒక్కటే సమజైతలేదు. ఇంత చేసినా తెల్లారి చూస్తే మళ్ళ పదో తారీఖే. పెయ్య మళ్ళ ఆకలి మొఖమే పెడుతున్నది. ఏం పెయ్యనే ఇది, పెట్టింది మర్సిపోతది!

ఆరోగ్యం జాగ్రత్త.
మీ అమ్మమ్మ

తా.క.: బస్సు పార్సిల్ల ఒక డబ్బ పంపిన. నీ సోపతి పిల్లలకు పెట్టు. ఇంట్ల ఎక్కువైతున్నది.

---

కరీంనగర్,
ఆగస్టు 18

ప్రియమైన అమ్మమ్మకు నమస్కారాలు.

ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. మాడిందా? మిషను మాడడం ఏంటి? చార్జింగ్ పెట్టి ఆడుతున్నావా? వేడెక్కితే కాసేపు ఫ్యాను కింద పెట్టు. బాలలక్ష్మి అత్తను అంత గట్టిగా ఒత్తొద్దను. మెల్లగా ఒక్కసారి ఒత్తితే చాలు.

పదో తారీఖు దాటడం లేదంటే సేవ్ సరిగ్గా కావడం లేదు. జాగ్రత్తగా చదువు. సేవ్ అవుతున్నంతసేపు మిషను ఆపకూడదు. పాత సేవ్ మీదనే కొత్త సేవ్ చెయ్యాలి. పక్కన ఇంకో రెండు గడులు ఖాళీగా కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు, వాటిలో ఎవరైనా కొత్త పొలం మొదలుపెట్టుకోవచ్చు, మనకు అక్కర్లేదు.

ఇక్కడ మెస్సులో కూర్చున్నా, స్నానానికి బకెట్ల లైన్లో నిల్చున్నా నా కళ్ళ ముందు చంద్రి ఆకలి మొహమే. నిన్న కెమిస్ట్రీ పరీక్షలో గడ్డి అని రాసి కొట్టేశాను. మామయ్య అమ్మకు ఫోన్ చేసి "ఇంకా అయిపోలేదా పోటీ?" అని అడుగుతున్నాడట. త్వరగా, అమ్మమ్మా, త్వరగా.

ఆత్రంగా,
స్నిగ్ధ

తా.క.: కారప్పూస డబ్బా అందింది. మంజుల మేడం పార్సిల్ తెరిచి, "బయటి తిండి నిషేధం, పరీక్ష చెయ్యాలె" అంది. సాయంత్రం దాకా పరీక్ష చేసింది. మాకు డబ్బా ఇచ్చింది.

---

లక్సెట్టిపేట,
ఆగస్టు 25

చిరంజీవి స్నిగ్ధకు అనేక దీవెనలు.

నీకు చదువు ఎక్కువై వంట మీద తెలివి పోయింది. పాత సేవ్ మీద కొత్త సేవ్ ఏంది? పాతదాని మీద వేడివేడిది పోస్తే రెండూ మెత్తబడ్తయి. నేను భైంసాల పుట్టినదాన్ని. మరాఠోళ్ళ పక్కపొంటి పెరిగిన. మీరు కారప్పూస అంటరు, మేం సేవ్ అంటం. సేవ్ చేసుడు నాకు నువ్వు నేర్పుతవా పోరీ?

అయినా నీ కోసమని అట్లనే చేసిన. సేవ్ అవుతున్నంతసేపు మిషను ఆపద్దన్నవని పొయ్యి పక్క గూట్ల పెట్టి నడిపిన. మూడు కిలోల పిండి. బాలలక్ష్మిని మెల్లగ ఒత్తుమంటే, "మెల్లగ ఒత్తితే గొట్టంలకెల్లి ఏమొస్తది దొరసానీ, గాలి వస్తది" అని కొట్లాడింది. ఆఖరి వాయి ఏగకముందే మిషనుల చార్జింగ్ అయిపోయి కండ్లు మూసింది. తెల్లారి మళ్ళ పదో తారీఖు.

నీ పెయ్యకు సేవ్ ఎందుకో నాకైతే తెల్వది. మిషను ముంగట గిన్నెల పెడుతున్న. ముడుతలేదు.

ఫికర్ చెయ్యకు.
మీ అమ్మమ్మ

తా.క.: ఎల్లిగడ్డ ఏసి చేస్తే తింటదేమో అని బాలలక్ష్మి అడుగుమన్నది. జల్ది రాయి, పిండి కలిపి పెట్టుకున్నం.

---

కరీంనగర్,
సెప్టెంబర్ 1

అమ్మమ్మా!

నమస్కారం గిమస్కారం తర్వాత. పుస్తకం భాష కూడ తర్వాత. సేవ్ అంటే తినే సేవ్ కాదే! నెత్తి కొట్టుకుంటున్న ఇక్కడ! మూడు వారాలు! మూడు వారాలు నా చంద్రికి నువ్వు కారప్పూస చేసి పెట్టినవా! గీ పాటికి పోటీ అయిపోవు. గెలిచి మెడల గంట కట్టించుకొని తిరిగేది నా బిడ్డ.

సేవ్ అంటే ఇంగ్లీషు మాట. దాచిపెట్టుడు అని అర్థం. దాచిపెట్టు అమ్మమ్మా, దాచిపెట్టు! రోజూ ఆట అయిపోంగనే మంచిగ దాచిపెట్టు. అట్లయితేనే ఏదీ పోదు. గింతే.

మామయ్య ఆగేటట్టు లేడు. వచ్చే ఆదివారం లోపలే నీ దగ్గరికి వస్తనని అమ్మకు చెప్పిండట. ఆయన చెయ్యి పడ్డదంటే నా మూడేండ్ల పొలం నాశనమే. నాకు నిద్ర పడుతలేదు, తిండి పోతలేదు, కూసున్నకాడ కూసోబుద్ధి అయితలేదు. ఏడుపొస్తున్నది నిజంగ.

పరేషాన్‌ల ఉన్న నీ మనుమరాలు,
స్నిగ్ధ

తా.క.: ఈ ఉత్తరం మంజుల మేడం సగం చదివింది. "నా బిడ్డ" అన్న ముక్క కాడ ఆగి, నన్ను కూసోబెట్టి, నీళ్ళిచ్చి, "నిజం చెప్పు, ఏమనను" అన్నది. నేను చంద్రి పెయ్యదూడ అని చెప్పినంక నీళ్ళ గ్లాసు ఆమెనే తాగింది.

---

లక్సెట్టిపేట,
సెప్టెంబర్ 8

చిరంజీవి స్నిగ్ధకు,

దీవించి రాసేది. ఏడ్వకు బిడ్డా. ముందే గట్ల తెలుగుల చెప్తే అయిపోవు. నువ్వు చెప్పినట్టే దాచిపెట్టిన. సన్నబియ్యం డ్రమ్ముల, అడుగుకు, పాత చీర కొంగుల చుట్టి పెట్టిన. ఏ దొంగకూ దొరకదు.

మొన్న కరుణాకర్ వచ్చిండు. కాళ్ళు కడుక్కోకముందే "మిషను ఏదమ్మా?" అన్నడు. "ఆట పూర్తి కాలే కొడుకా" అన్న. నమ్మలే. నలభై ఏడేండ్ల మనిషి, యార్డుల పదిమందికి చెప్పేటోడు, మంచం కింద దూరిండు. అల్మారి తీసిండు. దేవుని గూట్ల చూసిండు. ఆఖరికి సేవ్ తిన్నడు, ఇంత కట్టుకపోయిండు. నువ్వు ఇగ నిమ్మలంగ చదువుకో.

గని బిడ్డా, దాచిపెట్టినంక పెయ్యకు మేత ఎట్ల ఏసుడు? రోజు తీస్తే అది దాచిపెట్టినట్టెట్లయితది?

నీ మేలు కోరే,
అమ్మమ్మ

తా.క.: బాలలక్ష్మి ఆ డ్రమ్ములకెల్లి చేరెడు బియ్యం బదులడుగ వచ్చింది. లోపల చెయ్యి పెట్టంగనే మిషను "అంబా" అన్నది. పాపం, జరమొచ్చి పడుకున్నది. నేను పోయి నిమ్మకాయ దిష్టి తీసిన.

---

కరీంనగర్,
సెప్టెంబర్ 15

అమ్మమ్మకు,

నాకింక ఓపిక లేదు. ఎన్ని రాసినా ఒకటి చెబితే ఇంకొకటి అవుతోంది. మాకు ఈ నెల 28 నుంచి సెలవులు. ఆ రోజే పొద్దుటి బస్సుకు నేనే వస్తున్నాను. అప్పటిదాకా మిషను తియ్యకు, తెరవకు, తోమకు, ఒత్తకు, వేయించకు. మామయ్యను గుమ్మం ఎక్కనివ్వకు.

నీ మీద కోపంగానే ఉన్నాను. కానీ మిషను పోతుందని భయం దానికంటే ఎక్కువ ఉంది.

స్నిగ్ధ

తా.క.: ఈసారి ఉత్తరం మంజుల మేడం చదవలేదు. "నాకు బీపీ ఉన్నది, నువ్వే పోస్టు డబ్బాల ఏసుకో" అంది.

---

లక్సెట్టిపేట,
సెప్టెంబర్ 22

చిరంజీవి స్నిగ్ధకు,

దీవించి రాసేది. నువ్వొచ్చి మిషను తెరిస్తే ఎట్లనూ బయటపడ్తది. దొరికినంక చెప్పుడు కంటే ముంగటనే చెప్పుకునుడు నయం.

మొదట్ల నేను నిజంగనే సేవ్ వండిన. అది అబద్ధం కాదు. నాలుగోరోజో ఐదోరోజో పెయ్యను పడుకోబెట్టంగనే మిషనే అడిగింది. ఏడో తరగతి ఇంగ్లీషు నాది, కూడబలుక్కొని చదివిన. సేవ్ అని ఉన్నది. ఒత్తబోయి చెయ్యి ఎనకకు తీసుకున్న. సేవ్ చేస్తే పదకొండో తారీఖు వస్తది. అట్లట్ల ముప్పై వస్తది. పోటీ అయితది. తెల్లారి మీ మామ వచ్చి మిషను జమ్మికుంటకు పట్టుకపోతడు. నాకప్పటికే ఆ డబ్బ మీద పానం పడ్డది. ఇచ్చుడు నాతోని కాలే బిడ్డా. సిగ్గిడిచి చెప్తున్న.

ఇంతల్నే నువ్వు రాస్తివి, పక్కన ఖాళీ గడులున్నయి, ఎవలన్న కొత్త పొలం పెట్టుకోవచ్చు అని. నాకు దారి చూపిచ్చిందే నువ్వు. ఆ రోజే రెండో గడిల నా పొలం పెట్టిన. గిప్పుడు నాకు పదకొండు ఆవులు, ఒక పాలమిషను, చెరువు పక్కన మామిడితోట. పశువుల పోటీ రెండుసార్లు గెలిచిన. బాలలక్ష్మికి జరం అబద్ధం, అది నా కోళ్ళను చూసుకుంటది. మీ మామ మొన్న మంచం కింద దూరిండని రాసిన గదా, అది నిజం. దొరకలేదన్నది అబద్ధం. దొరికింది. ఎట్ల ఆడాల్నో నేనే నేర్పిన. మూడో గడి ఆయనది. ఇప్పుడు ఆదివారం ఆదివారం వస్తుండు. మీ అలేఖ్య అత్తమ్మ ఫోన్ చేసి, "అత్తమ్మా, ఆయనకు గీ మధ్య మీ మీద ప్రేమ ఎంత పెరిగిందో!" అని మురిసిపోయింది.

నీ చంద్రిని మాత్రం ఎవ్వలం ముట్టలే. మామ చెయ్యి పెడితే మొట్టికాయ ఏసిన. నువ్వు ఏ తారీఖుల ఇడిసి పోయినవో అదే పదో తారీఖుల, ఒక్క పూట తక్కువ గాకుండ ఉన్నది. నేను మేపి, నేను తోమి, నేను గెలిస్తే ఆ గెలుపు నీదెట్లయితదే? హాస్టల్ల కూసొని ఉత్తరం చదువుకుంటే సంబురం ఏముంటది? గెలిచినంక చంద్రి మెడల గంట నీ చేతులతోనే కట్టు. ఇరవై దినాల పని నీకు రెండు పూటల పని, నీ చేతి ఏళ్ళ జోరు నాకెర్కనే. మీ అమ్మకు నేను చెప్పుకుంట. ఆట ఇంకా పూర్తి కాలేదంట. అబద్ధం కాదు, నాది ఎప్పుడు పూర్తి గావాలె!

కోపం ఉంటే వచ్చి తిట్టు. పడ్త. మిషను మాత్రం అడుగకు.

నీ కోసం ఎదురుచూసే,
అమ్మమ్మ

తా.క.: ఒక్క మాట, అత్తమ్మ చెవిల పడనియ్యకు. మీ మామ ఆటల తన బర్రెకు "అలేఖ్య" అని పేరు పెట్టుకున్నడు. ఏం బుద్ధిరా అని తిడితే, "గిదొక్కటే నేను చెప్పినట్టు వింటదమ్మా" అన్నడు. అనంగనే అది పాలకుండ తన్నింది.