మోబాన్ ముని ఎముకలు

ఏటి అవతలి ఒడ్డు,
ఈస్టర్ వెళ్లిన మూడో రోజు.

మఠాధిపతులు కొన్లా గారి పాదాలకు మీ పెంపుడక్క సార్నత్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, నా రెండు ఆవులూ క్షేమం. తమరి క్షేమం గురించి ఊరంతా చెప్పుకుంటోంది.

మర్యాద అయిపోయింది. ఇక నువ్వు అనే రాస్తాను. ఏడేళ్ల వయసులో మా ఇంటికి పెంపకానికొచ్చి, పదిహేడేళ్లు నిండేదాకా మా అమ్మ కలిపిన బార్లీ జావ తాగినవాడివి.

పండగకి నేనూ వచ్చాను. జనం వెనక నిలబడ్డాను. మోబాన్ ముని ఎముకలున్న ఇత్తడి పెట్టెని నువ్వు పైకెత్తితే, రాజు దానిమీద చెయ్యేసి ప్రమాణం చేశాడు. మొన్నటిదాకా ఆవులు దాటే రేవులో ఎన్ని పడవలు, ఎంత సంత! ఎగువ ఊళ్లవాళ్లు కుళ్లి చస్తున్నారట. నాకు నవ్వాగలేదు.

పోయిన కోతలప్పుడు నా గడపలో కూర్చుని ఎంత బతిమాలావు! "అక్కా, ఇక్కడ మొదట గుడిసె వేసుకున్న మోబాన్ ముని సమాధి ఎక్కడో మీ పాతకాలం వాళ్లకే తెలియాలి. పుణ్యాత్ముడి ఎముకలు లేని గుడికి ఎవడొస్తాడు చెప్పు?" అన్నావు. పన్నెండేళ్లకి అక్క గుర్తొచ్చింది. నేను మారుమాటాడకుండా రోవన్ చెట్టు కింద చూపించాను.

అంతకుముందు నువ్వొచ్చింది అమ్మ పోయిన రోజున. ఊటబావిలో పాతదేవతకని పాలు పోసే అలవాటు ఆవిడ చచ్చేదాకా మానలేదని, "గుడి మట్టిలో ఆవిడకి చోటు లేదక్కా, కుక్కల్ని పాతే చోట పెట్టుకో" అన్నావు. నీ కాళ్లు పట్టుకున్నాను. నువ్వు అంగీ దులుపుకుని వెళ్లిపోయావు. ఆ దులుపుకోవడం నేను మర్చిపోలేదు కొన్లా. నేనేం మంచిదాన్ని కాదు. నీ తల వంగేదాకా చావకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇట్లు,
నీకు జావ పోసినావిడ కూతురు,
సార్నత్

తా.క.: మోబాన్ సమాధి నాకేం తెలుసు? నేను చూపించింది అమ్మని నేనొక్కదాన్నే మోసుకెళ్లి పాతిపెట్టిన చోటు. రాజు ప్రమాణం అయిపోయేదాకా ఆగి చెప్తున్నాను. బయటపెడితే నీ ఊరు పోతుంది, దాచుకుంటే రోజూ ఆవిడ ముందు మోకరిల్లాలి. నీ ఇష్టం. వంకరగా అతుక్కున్న చేతి ఎముకని దేవుడి గుర్తంటూ అందరి ముందూ ముద్దు పెట్టుకున్నావు చూడు, అది వరదలో కొట్టుకుపోతున్న నిన్ను లాగుతూ బండకి తగిలి విరిగిన చెయ్యి.