గూడ్సు బండి తోక

బళ్లారి,
డిసెంబరు 27

చిరంజీవి వినూతకు, పెదనాన్న వీరభద్రయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమో కాదో నాకు అనుమానంగా ఉంది. అక్కడి మీ బ్యాంకుకు సెలవు దొరికితే చాలు, మంచులో బోర్లా పడుకుని గూడ్సు బండ్లకు ఫోటోలు తీస్తున్నావని మీ నాన్న చెప్పాడు. నోట్లో పెట్టుకున్న ఉగ్గాని నోట్లోనే ఉండిపోయింది. గూడ్సు బండి చూడటానికి కాశ్మీరు దాకా పోవాలా తల్లీ? మన రైల్వే గేటు దగ్గర నిలబడితే తోరణగల్లు పోయే బండి నీకు విసుగొచ్చేదాకా కనపడుతుంది. అది పోయేలోపల నేను పేపరంతా చదివేస్తున్నాను.

ఫోను చేయమంటావు. ఫోనులో నువ్వు చెప్పేది సగం నాకు వినపడదు, నేను అరిచేది బజారంతా వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతి వేరే. ఈసారి బళ్లారికి చలి రాలేదు. మన అంగడిలో కంబళ్ల దొంతర్లు పైకప్పును తాకుతున్నాయి. శివరాత్రి లోపల ఇవి కదలకపోతే అంగడి ఎత్తేసి మొబైల్ కవర్లు పెడదామని మా దీపక్ తీర్మానం. మీ పెద్దమ్మ పంకజాక్షి కూడా కొడుకు వైపే. మా తాత కూర్చున్న గద్దె మీద కూర్చుని నేను ఫోన్లకు చొక్కాలు తొడగాలట! తలుచుకుంటేనే అన్నం దిగడం లేదు. చూడగానే ఒళ్లు వణికే ఫోటో ఒకటి పంపు. పెద్ద ఫ్లెక్సు చేయించి అంగడి ముందు కడతాను. చలి అంటే ఏమిటో జనానికి గుర్తుచేద్దాం.

నీ పెదనాన్న,
వీరభద్రయ్య

తా.క.: పెద్దమ్మ నీకు సంబంధాలు చూస్తోంది. ఎవరడిగినా గూడ్సు బండ్ల సంగతి ఎత్తనని నా చేత ఒట్టు వేయించుకుంది.

*

ఖాజీగుండ్,
జనవరి 5

పెదనాన్నకు వినూత నమస్కారాలు.

చలి ఫోటో అడిగారు. నా దగ్గర గూడ్సు లేని చలి ఫోటో ఒక్కటీ లేదు, కాబట్టి ఒట్టు పక్కన పెట్టి చూడండి. ఆ రోజు మోకాళ్ల దాకా మంచు. చెట్లూ, పొలాలూ, ఆకాశమూ అన్నీ ఒకటే తెలుపు. అందులోంచి బండి వచ్చింది. మంచు మీద చప్పుడు కూడా మెత్తగా అయిపోతుంది పెదనాన్నా, పెట్టెలు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా జారిపోతుంటే ఊపిరి బిగబట్టి చూశాను. నేను తీసినవాటిలో ఇదే నాకు ప్రాణం.

ఒక్క షరతు. దీని మీద చేయి వేయొద్దు. దేవుళ్లు, పూలదండలు, మూలన గుండ్రంలో మీ ముఖం, ఏదీ చేర్చొద్దు.

మీ
వినూత

తా.క.: మీరిచ్చిన ఎర్రంచు నల్లకంబళి వృథాగా మాత్రం పోవడం లేదు.

*

బళ్లారి,
జనవరి 14

చిరంజీవి వినూతకు ఆశీస్సులు.

కవరు విప్పి అదిరిపోయాను. తెల్లకాగితం! లోపలి ఫోటో మార్చేశారేమోనని పోస్టుమ్యానుతో తగువు కూడా పెట్టుకున్నాను. కళ్లద్దాలు తుడుచుకుని చూస్తే ఆ తెలుపులో బండి కనపడింది. సరే, బండే అనుకుందాం. లోకంలో ఎవరైనా ఇంజనుకు ఫోటో తీస్తారు. నువ్వు తోకకు తీశావు! ఇంజను పోయేదాకా నిద్రపోయావా తల్లీ?

అయినా ఫ్లెక్సు కట్టించాను. జనం విరగబడ్డారు. కొనడానికి కాదు, చల్లబడటానికి! ఎండలో నడిచి వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి “అబ్బ, ఎంత తంపుగా ఉండాదప్పా” అని చొక్కా గుండీలు విప్పుకుని పోతున్నారు. ఇది కనిపెట్టి నారప తన సోడా బండి తెచ్చి అక్కడే పెట్టాడు. వాడి సోడాలు అయిపోయాయి, నా కంబళి ఒక్కటీ కదల్లేదు.

అప్పుడు వచ్చింది మారెక్క. కుడతిని అవతల గొర్రెలు మేపుకునే మనిషి. ఫ్లెక్సు చూసి బజారు మధ్యలో చేతులు జోడించి నిలబడిపోయింది.

“ఏం సావుకారప్పా, మైలారప్ప గొరవయ్యను అంగడి ముందర నిలబెట్టుకొని ఒక మాటైనా చెప్పలేదే! కంబళి చూడు, ఆ నిలబడేది చూడు!”

నేను దగ్గరికి పోయి చూశాను. చివరి పెట్టె వాకిట్లో ఎవరో తల నుంచి కాళ్ల దాకా నల్లకంబళి కప్పుకుని నిలబడి ఉన్నారు. ముఖం కనపడదు. మైలారలింగడి సేవలో కంబళి కప్పుకుని తిరిగే గొరవయ్యలంటే మన గొర్రెల కాపరులకు ఎంత భక్తో నీకు తెలుసు కదా. మారెక్క “ఏళుకోటీ!” అని మైలారలింగడికి జేకొట్టి, చెంగున ఉన్న భండారం పసుపు పిడికెడు తీసి ఫ్లెక్సు మీద చల్లింది. మరునాడు ఆమె ఊరు ఊరంతా దిగింది. అందరికీ ఆ స్వామి కప్పుకున్న ఎర్రంచు కంబళే కావాలి. మన దొంతర్లన్నీ అవే కదా! సగం ఖాళీ అయ్యాయి. నాకింకా నమ్మకం కలగడం లేదు.

నీ పెదనాన్న,
వీరభద్రయ్య

తా.క.: నీ షరతు ప్రకారం నేను చేయి వేయలేదు. వేసినవన్నీ భక్తుల చేతులే. మంచు ఇప్పుడు నిండా పసుపు.

*

ఖాజీగుండ్,
జనవరి 23

పెదనాన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి బ్యాంకులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా మంచు మీద పసుపా! అది కూడా పోనీయండి. అక్కడ ఉన్నది దేవుడూ కాదు, గొరవయ్యా కాదు. గూడ్సు గార్డు! ప్రాణమున్న మనిషి. అన్నం తింటాడు, కోపం వస్తే మాట్లాడడు, జలుబు చేస్తే అల్లం టీ తప్ప దేనికీ తగ్గదు. తనకు తెలియకుండా తన బొమ్మ మీద పసుపు చల్లి మొక్కుతున్నారని తెలిస్తే ఏమైపోతాడు? దయచేసి వెంటనే తీసేయండి.

వినూత

తా.క.: ఫ్లెక్సు మీద పసుపు కడిగితే పోతుందా?

*

బళ్లారి,
ఫిబ్రవరి 1

చిరంజీవి వినూతకు ఆశీస్సులు.

ఎవరో గార్డు కోసం నా మీద ఇంత కోపమా! నిర్ఘాంతపోయాను. అయినా నేను అబద్ధానికి కంబళ్లు అమ్మేవాణ్ణి కాదు. గద్దె మీద నిలబడి “అయ్యలారా, ఈయన దేవుడు కాదు, రైల్వే గార్డు” అని బజారంతా వినపడేట్టు చెప్పాను. మారెక్క నవ్వింది.

“బండి ఎనకాల ఒక్కడే నిలబడి, ఆఖరి పెట్టె దాకా అన్నీ వస్తాండాయా లేదా అని చూసుకొనేటోడు దేవుడు గాకపోతే ఇంకెవరప్పా? మేమూ మంద ఎనకాలే గదా నడిచేది.”

దీనికి జవాబు నీకు దొరికితే రాయి. ఆ పూటే ఇంకో దొంతర అమ్ముడైంది.

దీపక్ మొబైల్ కవర్ల మాట మరిచిపోయి ఫ్లెక్సు పక్కన టెంకాయలు పెట్టుకుని కూర్చున్నాడు. మీ పెద్దమ్మ అయితే తలంటుకుని వచ్చి, మా వినూతకు శివరాత్రి లోపల మంచి సంబంధం కుదిరిస్తే నీకు కొత్త కంబళి కప్పుతాను స్వామీ అని మొక్కుకుంది. ఇప్పుడు తీసేస్తే ఆమె నన్ను తీసేస్తుంది.

నీ పెదనాన్న,
వీరభద్రయ్య

తా.క.: గార్డుకు జలుబు చేస్తే అల్లం టీ తాగుతాడని ఫోటో తీస్తే తెలుస్తుందా? కెమెరాలు అంత బాగా వస్తున్నాయా?

*

ఖాజీగుండ్,
ఫిబ్రవరి 8

పెదనాన్నా,

పెద్దమ్మను ఆ మొక్కు వెనక్కి తీసుకోమనండి! ఇంకెవరికైనా మొక్కుకోమనండి, ఆ మనిషికి మాత్రం వద్దు. ఆయన సెలవు పెట్టి శివరాత్రికి బళ్లారి వస్తున్నాడు, నేరుగా మీ అంగడికే. ఎందుకో ఆయన నోటితోనే వినండి. ఆ లోపల ఫ్లెక్సు కనపడకూడదు. ఆయనకు నేనేమీ చెప్పలేదు, సిగ్గుతో చెప్పలేకపోయాను. ఫోను చేస్తే మీరు ఎత్తరు, ఎత్తినా “ఎవురూ? ఎవురూ?” అని పెట్టేస్తారు.

వినూత

తా.క.: టెంకాయ కొట్టొద్దు. కాఫీ ఇవ్వండి. చక్కెర తక్కువ.

*

బళ్లారి,
ఫిబ్రవరి 17

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి వినూతకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం ఈ రోజు చేరింది. ఆ మనిషి శివరాత్రి నాడే చేరాడు. మధ్యలో జరిగినదానికి నా గుండె ఇంకా కుదుటపడలేదు.

పొద్దున్న అంగడి ముందు జాతరలా ఉంది. సన్నగా, పొడుగ్గా ఒక అబ్బాయి సంచీ తగిలించుకుని వచ్చి ఫ్లెక్సు ముందు ఆగాడు. పసుపు కుంకుమల కింద బండి ఏదో, మనిషి ఎవరో ఎవరికీ తెలిసే స్థితి కాదు.

“పెద్దాయనా, ఇక్కడ కొత్తగా గుడి కట్టారా? ఈయన ఏ దేవుడండీ?” అని నన్నే అడిగాడు.

మీ పెద్దమ్మ ముందుకొచ్చి, “కంబళయ్య నాయనా. నిజంగా పలికే సామి. ఏం కావాల్నో అడుగు, ఇస్తాడు” అంది. దీపక్ టెంకాయ చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయి చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, తనకు తానే టెంకాయ కొట్టుకుని, తన కాళ్లకే మొక్కుకున్నాడు తల్లీ!

తర్వాత లోపలికి వచ్చి కంబళి అడిగాడు. ఉన్నది ఒకటే, ఆఖరిది.

“బళ్లారి ఎండకు కంబళి ఎవరికి బాబూ?” అన్నాను.

“ఒకామె తన కంబళి నాకిచ్చేసి చలికి వణుకుతోందండీ. మంచులో నా బండి పోయేదాకా నిలబడుతుంది. ఇంజను వచ్చినప్పుడు తల కూడా ఎత్తదు, నా పెట్టె వచ్చాకే కెమెరా తీస్తుంది.”

నా చేతిలోంచి కంబళి జారిపోయింది.

పెద్దమ్మ, “సామిని ఏం అడిగితివి నాయనా?” అంది.

“మా పెళ్లికి అమ్మాయి పెద్దవాళ్లు ఒప్పుకోవాలని అడిగానండి.”

“ఎవురు వాళ్లు?”

“మీరేనండి” అన్నాడు.

మీ పెద్దమ్మ గద్దె మీద కూలబడి సోడా తాగింది. పేరు అడిగాను, గోపీకృష్ణ అన్నాడు. ఊరు అడిగాను. ఏ పంజాబో, జమ్మూనో అంటాడని గుండె దిటవు చేసుకున్నాను. మన బళ్లారి పక్కనున్న కప్పగల్లు అన్నాడు! కాలువ కింద వరి వేసే శివరామకృష్ణయ్య కొడుకట. ఆయన పండించిన బియ్యమే మనం ఏళ్లుగా తింటున్నాం.

వాళ్లు వేరే, మనం వేరే అని, కబురు అందుకుని వచ్చిన మీ నాన్న గొణిగాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. “మొక్కితిని. సామి సంబంధం చూపిచ్చలేదు, తానే వచ్చినాడు. నేను కాదంటానా?” అని ఆ ఆఖరి కంబళి తీసి అబ్బాయి భుజాల మీద కప్పింది. పాపం, ఆ ఎండలో చెమటలు కారుతున్నా వద్దనకుండా నిలబడ్డాడు. అది చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అంగడి నిలిచింది, నీ పెళ్లీ కుదిరింది.

ఒక్కటే నాకు మింగుడుపడలేదు. కప్పగల్లు పిల్లవాణ్ణి వెతుక్కోవడానికి కాశ్మీరు దాకా పోవాలా తల్లీ?

నీ పెదనాన్న,
వీరభద్రయ్య

తా.క.: మారెక్క ఊరంతా పెళ్లికి వస్తున్నారు. కాబోయే అల్లుడిగారికి గట్టిగా చెప్పు, పీటల మీద ఎంత చలేసినా కంబళి కప్పుకోకూడదు. గుర్తుపట్టారంటే తాళి కట్టే తీరిక ఇవ్వరు.